ఇంకో మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి విమానం ఎక్కాలా, మానుకోవాలా? తేల్చుకునే పద్ధతి

అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అమెరికాలోని మన పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ పదే పదే అడిగే ప్రశ్న ఇది: "ఇప్పటికి నాలుగు ఇంటర్వ్యూలు అయ్యాయి. ఐదోది ఎక్కడో ఒమాహాలో వచ్చింది. టికెట్టు, హోటలు కలిపితే వందల డాలర్లు. వెళ్లమంటారా?"

టికెట్టు ధర చూసి దీనికి జవాబు చెప్పలేం. ఇవాళ్టికి మీ చేతిలో ఒక్క సీటైనా ఉందా లేదా అన్నది ముందు చూడాలి. సీటు లేనివాళ్లు వేసుకోవాల్సిన లెక్క వేరు, ఉన్నవాళ్లది వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మంచి సీటు వచ్చాక కూడా ఊళ్లు తిరిగేవాళ్లు కొందరు, ఒక్క సీటూ లేకుండానే "అంత దూరమా" అని మానుకునేవాళ్లు కొందరు.

కింద రాసిందంతా అమెరికాలో డాక్టర్ అయ్యే రెండు డిగ్రీలు ఎమ్‌డీ, డీఓ (ఆస్టియోపతిక్ వైద్యం) ప్రవేశాల గురించి. నీట్ ర్యాంకుతో సీటు తేలిపోయే చోట ఉన్న తాతయ్యలకు "ఇంటర్వ్యూకి విమానం ఎందుకురా" అనిపించడం సహజం. వాళ్లకు వివరించే ఓపిక మీకే ఉండాలి.

## 1. ముందు పిలుపు ఈమెయిల్ మళ్లీ చదవండి

2020 నుంచి చాలా కాలేజీలు ఇంటర్వ్యూలను ఆన్‌లైన్‌కి మార్చాయి. తర్వాత కొన్ని మళ్లీ క్యాంపస్‌కి రమ్మంటున్నాయి, కొన్ని రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంటున్నాయి. కాబట్టి ధరలు వెతికే ముందు ఈమెయిల్‌లో ఇవి వెతకండి:

- ఇంటర్వ్యూ ఆన్‌లైనా, నేరుగానా, మీ ఇష్టమా?
- మీ ఇష్టమే అయితే రెండింటినీ ఒకేలా చూస్తామని రాశారా?
- ఏ తేదీలు ఖాళీగా ఉన్నాయి? తేదీ ఖాయం చేసుకోవడానికి గడువు ఎంత?
- విద్యార్థుల గదుల్లో బస ఏర్పాటు గానీ, హోటల్లో తగ్గింపు ధర గానీ ఉందా?

రెండింటినీ ఒకేలా చూస్తామని కాలేజీ రాతపూర్వకంగా చెబితే నమ్మి ఆన్‌లైన్ తీసుకోండి. "ఎదురుగా కూర్చుంటే మార్కులు ఎక్కువ పడతాయేమో" అన్న అనుమానంతో తొమ్మిది వందల డాలర్లు పెట్టక్కర్లేదు. ఊరు నచ్చుతుందో లేదో చూడాలంటే సీటు వచ్చాక వసంతంలో చాలా కాలేజీలు 'సెకండ్ లుక్' రోజులు పెడతాయి. అప్పుడు వెళ్లి చూడొచ్చు.

గడువు మాత్రం దాటనివ్వకండి. మంచి తేదీలు గంటల్లో అయిపోతాయి. ముందు తేదీ పట్టుకోండి, వెళ్లాలా వద్దా అన్నది రెండు మూడు రోజుల్లో తేల్చుకోండి.

## 2. చేతిలో ఏముందో కాగితం మీద పెట్టండి

నాలుగు గడులు గీయండి: సీటు వచ్చినవి, వెయిట్‌లిస్టులో ఉన్నవి, ఇంటర్వ్యూ అయ్యి జవాబు రావాల్సినవి, ఇంటర్వ్యూ ఇంకా జరగాల్సినవి. ప్రతి కాలేజీ పేరునీ ఒక గడిలో వేయండి.

ఆశతో రాయకండి. ఇంటర్వ్యూ అయ్యి, వాళ్లు చెప్పిన నిర్ణయ తేదీ కూడా దాటిపోయినదాన్ని 'రావాల్సినవి'లో ఉంచకుండా వెయిట్‌లిస్టు గడిలోకి జరపండి. వెయిట్‌లిస్టు ఎంత మంచి కాలేజీదైనా అది సీటు కాదు. అక్కడ కదలిక ఎక్కువగా ఏప్రిల్ 30 తర్వాతే వస్తుంది.

ఇప్పుడు కొత్తగా పిలిచిన కాలేజీ గురించి ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడాది ఇక్కడ తప్ప ఇంకెక్కడా సీటు రాలేదనుకుంటే, చేరతానా? లేక ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు పెడతానా?

"ఆగుతాను" అన్నది నిజాయితీగా వచ్చిన జవాబైతే ఇంక లెక్కలతో పనిలేదు, ఎనిమిదో అంచెకు వెళ్లిపోండి. చేతిలో ఉన్న ఒకే ఒక్క సీటు వదులుకుని మరుసటి ఏడాది మళ్లీ వచ్చినవాళ్లను కమిటీలు మెచ్చుకోవు. కాబట్టి చేరే ఉద్దేశం లేని చోటికి "ప్రాక్టీసు" కోసం వెళ్లడం మంచి పని కాదు. ప్రాక్టీసుకి ఖర్చులేని దారులు చాలా ఉన్నాయి.

ఈ ప్రశ్నకి జవాబు దరఖాస్తు పెట్టినవారే ఇవ్వాలి. నాన్న జవాబూ అబ్బాయి జవాబూ వేరైతే, ఆ ముచ్చట టికెట్టు కొనే ముందే తేలాలి.

## 3. ఖర్చు మొత్తం రాయండి

అందరూ విమానం టికెట్టు ఒక్కటే చూస్తారు. న్యూజెర్సీ నుంచి ఒమాహాకి ఒక రాత్రి బసతో వెళ్లిరావడానికి ఒక ఊహా లెక్క ఇలా ఉంటుంది:

- టికెట్టు: 380 డాలర్లు
- హోటలు, ఒక రాత్రి: 150
- ఎయిర్‌పోర్టు నుంచి రాకపోకలు: 60
- తిండి: 40
- ఆసుపత్రిలో స్క్రైబ్ (డాక్టర్ల నోట్సు రాసే) పని మానుకున్న రెండు రోజుల జీతం: 250

మొత్తం 880. ఆ చివరి అంకెను ఎవరూ రాయరు. ఇంకా చదువుకుంటున్నవాళ్లకు జీతం బదులు పోయే ల్యాబ్, మిడ్‌టర్మ్ ఉంటాయి. ఆఖరి సెమిస్టర్‌లో గ్రేడు పడిపోతే వచ్చిన సీటుకి కూడా ఇబ్బందే, ఎందుకంటే కాలేజీలు తుది ట్రాన్‌స్క్రిప్టు అడుగుతాయి.

డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య షికాగో, బఫెలో, బోస్టన్ వైపు వెళ్లేవాళ్లు మంచు తుపాను వస్తే ఇంకో రాత్రి హోటల్లో ఉండాల్సి రావచ్చని ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

క్రెడిట్ కార్డు మీద వడ్డీకి తెచ్చే డబ్బయితే ఆ వడ్డీ కూడా ఖర్చే. అమెరికా వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ ఇచ్చే ఫీజు సహాయ పథకం దరఖాస్తు ఫీజులకు పనికొస్తుంది గానీ ఇంటర్వ్యూ ప్రయాణాలకు డబ్బు ఇవ్వదు. మీ యూనివర్సిటీలో వైద్య విద్యకు సిద్ధం చేసే ప్రీమెడ్ ఆఫీసులోనో, డీన్ ఆఫీసులోనో ప్రయాణ సహాయ నిధి ఉందేమో అడగండి. కొన్నిచోట్ల ఉంటుంది. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు.

## 4. అక్కడ మీకు అసలు అవకాశం ఎంత?

ఏఏఎంసీ వాళ్ల 'ఎమ్ఎస్ఏఆర్' చందా తీసుకోండి. ప్రతి ఎమ్‌డీ కాలేజీకీ ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమందిని ఇంటర్వ్యూకి పిలిచారు, ఎంతమంది చేరారు అన్న అంకెలు అందులో ఉంటాయి. అవి సొంత రాష్ట్రం వాళ్లకు, బయటి రాష్ట్రం వాళ్లకు, విదేశీయులకు విడివిడిగా ఉండటమే మనకు కావాల్సింది.

ఒక ప్రభుత్వ కాలేజీలో బయటి రాష్ట్రం వాళ్లు 200 మంది ఇంటర్వ్యూకి వెళ్తే 20 మంది చేరారనుకుందాం. నూటికి పది. ఇది కనీసపు అంకె, ఎందుకంటే సీటు వచ్చినా సొంత రాష్ట్రంలో చౌకగా దొరికిందని మానుకున్నవాళ్లు ఇందులో కనబడరు. అసలు అవకాశం ఇంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉండొచ్చు. అదే కాలేజీలో సొంత రాష్ట్రం వాళ్లు 400 మందికి 130 మంది చేరితే నూటికి 32 పైమాట. ఇలా రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూడాలి. కాలేజీ మొత్తం సగటు చూస్తే మోసపోతాం.

టెక్సాస్ ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బయటి రాష్ట్రం వాళ్లకు నూటికి పది సీట్లకు మించి ఇవ్వకూడదని చట్టమే ఉంది. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉండే మన పిల్లలకు ఇది వరం, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లకు గోడ.

హెచ్-4 (అమ్మానాన్నల ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లను చాలా కాలేజీలు తీసుకోవు. తీసుకునేవాటిలో కొన్ని ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు ఫీజును ముందే ఎస్క్రో ఖాతాలో (మధ్యవర్తి దగ్గర నిలిపి ఉంచే ఖాతాలో) చూపించమంటాయి. ఫెడరల్ అప్పులు మీకు దొరకవు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారాల్సి వస్తుంది. అందుకే విమానం ఎక్కే ముందు అడ్మిషన్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టి "నా ఇమిగ్రేషన్ స్థితి ఇది, సీటు వస్తే చేర్చుకుంటారా, డబ్బు ఎంత ముందు చూపించాలి" అని సూటిగా అడగండి, జవాబు రాతలో తీసుకోండి. ఇంటర్వ్యూకి పిలిచారంటే అన్నీ చూసే పిలిచి ఉంటారులే అనుకోకండి.

తర్వాత, తేదీ. చాలా కాలేజీలు ఇంటర్వ్యూలు జరుగుతుండగానే సీట్లు ఇచ్చుకుంటూ పోతాయి. అక్టోబర్ మధ్యలో మొదలైతే ఫిబ్రవరి చివరికి సీట్లలో చాలా భాగం అయిపోతుంది. అలాంటి చోట మార్చి ఇంటర్వ్యూ అంటే చాలాసార్లు వెయిట్‌లిస్టు ఇంటర్వ్యూయే. అన్ని ఇంటర్వ్యూలూ అయ్యాక ఒకేసారి నిర్ణయాలు పంపే కాలేజీలూ ఉన్నాయి, వాటి దగ్గర ఆలస్యపు తేదీతో నష్టం లేదు. మీ కాలేజీ ఏ రకమో వాళ్ల సైటులో చూడండి, లేదా ఫోన్ చేసి అడగండి. అడగడం తప్పేమీ కాదు.

## 5. చేతిలో సీటు లేనప్పుడు వేసే లెక్క

లెక్క సులువుగా ఉండటానికి ప్రతి ఇంటర్వ్యూకీ నూటికి 40 అవకాశం అనుకుందాం. ఎక్కడో ఒకచోట కనీసం ఒక్క సీటు వచ్చే అవకాశం ఇలా పెరుగుతుంది:

- 1 ఇంటర్వ్యూ: 40
- 2: 64
- 3: 78
- 4: 87
- 5: 92
- 6: 95

రెండో ఇంటర్వ్యూ 24 పాయింట్లు కలిపింది, ఆరోది మూడే కలిపింది. "మూడు పాయింట్ల కోసం 880 డాలర్లా?" అనిపిస్తుంది. కానీ అవతలి వైపు ఏముందో చూడండి. సీటు రాకపోతే పోయేది ఒక సంవత్సరం. ఆ సంవత్సరం మీ కెరీర్ చివర్లో తగ్గుతుంది, అంటే పూర్తి స్థాయి డాక్టర్‌గా ఒక ఏడాది జీతం పోయినట్టు. చాలా స్పెషాలిటీల్లో అది రెండు లక్షల డాలర్ల పైమాటే. అందులో నూటికి మూడంటే 6,000. పన్నులు పోనూ సగం అనుకున్నా 3,000. మళ్లీ కట్టాల్సిన దరఖాస్తు ఫీజులు, ప్రతి కాలేజీ విడిగా రాయమనే సెకండరీ వ్యాసాలు, గడువు దాటితే మళ్లీ రాయాల్సిన ఎమ్‌క్యాట్ ప్రవేశ పరీక్ష ఈ లెక్కలో చేర్చనే లేదు.

అందుకని సీటు లేనివాళ్లకు నా మాట ఒక్కటే: చేరతానని అనుకునే కాలేజీ పిలిస్తే, అప్పుల్లో మునిగిపోయే పరిస్థితి కాకపోతే, వెళ్లండి. ఏటా యాభై వేల మందికి పైగా ఎమ్‌డీ దరఖాస్తు పెడితే చేరేది సుమారు 23 వేల మంది. పిలుపు రావడమే కష్టం.

ఈ లెక్కలో ఒక చిల్లు ఉంది. పై అంకెలు ఒక ఇంటర్వ్యూకీ ఇంకోదానికీ సంబంధం లేదనుకుని వేసినవి. నిజానికి ఇంటర్వ్యూలన్నింట్లో కూర్చునేది మీరే. "వైద్యమే ఎందుకు?" అంటే ప్రతిచోటా బట్టీ పట్టిన పేరా అప్పజెబుతుంటే, ఎమ్ఎమ్ఐలో (గది గదికీ ఒక చిన్న ఇంటర్వ్యూ ఉండే పద్ధతిలో) ప్రతి గదిలోనూ రెండు నిమిషాలకే మాటలు అయిపోతుంటే, ఆరో ఇంటర్వ్యూలోనూ అదే జరుగుతుంది. మూడు నాలుగు వెయిట్‌లిస్టులు వరసగా వచ్చినవాళ్లు తర్వాతి ప్రయాణానికి ముందు ఆ లోపం పట్టుకోవాలి:

- ప్రీమెడ్ సలహాదారుతో కనీసం రెండు మాక్ ఇంటర్వ్యూలు చేయండి. మిమ్మల్ని ఎరగనివాళ్లతో అయితే ఇంకా మంచిది. ఇంట్లోవాళ్లు పనికిరారు, వాళ్లకు మీ జవాబులు ముందే తెలుసు.
- ఫోన్‌లో వీడియో తీసుకుని, ధ్వని ఆపేసి ఒకసారి, బొమ్మ చూడకుండా వింటూ ఒకసారి చూడండి.
- ఎమ్ఎమ్ఐ ప్రశ్నకు మీ నిర్ణయం చెప్పాక, అవతలి పక్షం ఎందుకు వేరేలా అనుకోవచ్చో కూడా చెప్పడం అలవాటు చేసుకోండి.
- ఆ కాలేజీయే ఎందుకో మూడు కారణాలు రాయండి. ఇంకో కాలేజీ పేరు పెట్టినా అతికేవి కొట్టేయండి.

## 6. సీటు చేతిలో ఉన్నాక

ఇక్కడ ప్రశ్న మారుతుంది: రెండు చోట్లా సీటు వస్తే కొత్తదాన్ని ఎంచుకుంటానా? లేదంటే అక్కడితో అయిపోయింది, వెళ్లకండి. "ఏమో, చూద్దాం" అనేవాళ్లు నాలుగేళ్ల ఖర్చు లెక్క వేయాలి.

చేతిలో ఉన్నది ఏడాదికి 65 వేల డాలర్ల ట్యూషన్ ఉన్న ప్రైవేటు కాలేజీ, పిలిచింది 40 వేలకు వచ్చే సొంత రాష్ట్ర కాలేజీ అనుకుందాం. తేడా ఏడాదికి 25 వేలు, నాలుగేళ్లకు లక్ష. అవకాశం నూటికి 30 అయినా దాని విలువ 30 వేల డాలర్లు. 880 కాదు, రెండు వేలైనా వెళ్లండి. ఇంటి దగ్గరే అయితే అద్దె కూడా కలిసొస్తుంది. టెక్సాస్ వాళ్లకు తేడా ఇంకా పెద్దది, అక్కడి ప్రభుత్వ కాలేజీల్లో స్థానికులకు ట్యూషన్ ఏడాదికి 20 వేల ప్రాంతంలోనే ఉంటుంది.

ఫీజు లెక్కను తిరగేసే కాలేజీలు కొన్ని ఉన్నాయి. ఎన్‌వైయూ గ్రాస్‌మన్ 2018 నుంచి అందరికీ ట్యూషన్ మాఫీ చేసింది. బ్రాంక్స్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ 2024లో వంద కోట్ల డాలర్ల విరాళంతో అదే పని చేసింది. జాన్స్ హాప్‌కిన్స్ అదే ఏడాది, కుటుంబ ఆదాయం మూడు లక్షల డాలర్ల లోపు ఉన్నవాళ్లకు ట్యూషన్ తీసేసింది. ఇలాంటి చోట నుంచి పిలుపు వస్తే చేతిలో ఎన్ని సీట్లున్నా బయల్దేరండి.

అప్పు తీసుకుని చదివేవాళ్లకు ఈ తేడా ఇప్పుడు ఇంకా గట్టిగా తగులుతుంది. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 జులై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ రుణాలు లేవు. వైద్య విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేలు, మొత్తం మీద రెండు లక్షల డాలర్లకే పరిమితం. ట్యూషనే 65 వేలైతే, జీవన ఖర్చుతో కలిపి మిగతాది ప్రైవేటు రుణంతోనో, ఇంటివాళ్ల పొదుపుతోనో సర్దాలి.

ఇక 'పేరు' సంగతి. ఫీజు, ఊరు దాదాపు ఒకటే అయిన రెండు మధ్య స్థాయి కాలేజీల మధ్య పేరు కోసం విమానం ఎక్కడం దండగ. న్యూరోసర్జరీ, డెర్మటాలజీ లాంటి పోటీ ఎక్కువున్న రంగాలే గురి అయితే, ఆ రెసిడెన్సీ (డిగ్రీ తర్వాతి ఆసుపత్రి శిక్షణ) సొంతంగా ఉన్న కాలేజీకి, లేని కాలేజీకి తేడా ఉంటుంది. స్టెప్ 1 లైసెన్సు పరీక్ష 2022 నుంచి పాస్, ఫెయిల్‌గా మారాక పరిశోధన అవకాశాల బరువు పెరిగింది కాబట్టి అలాంటప్పుడు వెళ్లొచ్చు. వాట్సాప్ గ్రూపులో పెట్టుకోవడానికి బాగుంటుందని మాత్రం వద్దు.

## 7. వెళ్దామనుకున్నాక ఖర్చు తగ్గించడం

ఒకే ఊరికి జత చేయండి. షికాగో చుట్టుపక్కల నార్త్‌వెస్టర్న్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, రష్, యూఐసీ, లొయోలా, రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఉన్నాయి. ఫిలడెల్ఫియాలో పెన్, జెఫర్సన్, టెంపుల్, డ్రెక్సెల్ ఉన్నాయి, డీఓకి పీకామ్ ఉంది. అదే ఊళ్లో ఇంకో కాలేజీ ఇంటర్వ్యూ కూడా ఉంటే "ఫలానా వారంలో నేను అక్కడే ఉంటాను, ఆ రోజుల్లో తేదీ దొరుకుతుందా" అని మర్యాదగా నాలుగు వాక్యాలు రాయండి. ఇంకా పిలవని కాలేజీకి ఇలా రాసేముందు వాళ్ల సైటులో అలాంటి ఈమెయిళ్లు వద్దన్నారేమో చూడండి.

టికెట్టు. ప్రయాణానికి ఏడు రోజులు లేదా అంతకన్నా ముందు ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని డబ్బు మొత్తం వెనక్కి తీసుకునే వీలు అమెరికా రవాణా శాఖ నిబంధన ప్రకారం ఉంటుంది, లేదా ధరను అంతసేపు పట్టి ఉంచుతారు. ఇంటర్వ్యూ ప్రయాణానికి బేసిక్ ఎకానమీ కొనకండి. ముప్పై డాలర్లు మిగులుతాయి గానీ, తేదీ మారితే టికెట్టు మొత్తం పోయే ప్రమాదం ఉంది. ముందురోజు రాత్రి చివరి విమానం కాకుండా మధ్యాహ్నపుది తీసుకోండి, అది రద్దయితే ఇంకోటి దొరుకుతుంది. సూటు చేతి సంచిలోనే ఉండాలి.

కారు. 25 ఏళ్ల లోపు వాళ్లకు అద్దె కారు మీద అదనపు రుసుము వేస్తారు. అది కలిపాక ఊబర్ చౌక కావచ్చు.

చుట్టాల ఇల్లు. మనవాళ్లు అమెరికాలో లేని ఊరు తక్కువ. కానీ రాత్రి తొమ్మిదింటికి దిగి, శివార్లలోని పెద్దమ్మ ఇంటికి చేరేసరికి పదవుతుంది. పులిహోర, గుత్తివంకాయ వడ్డించి "ఇంకొంచెం వేసుకో" అంటుంటే పన్నెండు కొడుతుంది. పొద్దున ఐదున్నరకు లేచి, ముప్పై మైళ్లు ట్రాఫిక్‌లో పడి, ఎనిమిదింటికి నవ్వు మొహంతో కూర్చోవాలి. ఆ 150 డాలర్లు పెట్టి క్యాంపస్‌కి నడిచే దూరంలో గది తీసుకోండి, పెద్దమ్మ దగ్గరికి ఇంటర్వ్యూ అయ్యాక వెళ్లండి. ఖర్చు తగ్గించుకోకూడని ఒకే ఒక్క రాత్రి అది.

## 8. వద్దనుకుంటే ఎలా మానుకోవాలి

వెళ్లకుండా ఊరుకోవడం అన్నిటికన్నా తప్పు. మీరు వదిలిన తేదీ ఇంకొకరికి వెళ్తుంది, వాళ్లు కూడా టికెట్టు కొనుక్కోవాలి. వీలైతే రెండు వారాల ముందే చెప్పండి.

ఈమెయిల్ మూడు వాక్యాలు చాలు: పిలిచినందుకు కృతజ్ఞతలు, నా దరఖాస్తును ఉపసంహరించుకుంటున్నాను, మీ విద్యార్థులకు శుభాకాంక్షలు. పేరుతో పాటు దరఖాస్తు నంబరు తప్పకుండా రాయండి. కారణం చెప్పక్కర్లేదు. "మీకన్నా మంచిది వచ్చింది" అని అసలే వద్దు, రెసిడెన్సీకి మళ్లీ ఆ గుమ్మమే ఎక్కాల్సి రావచ్చు.

పంపే ముందు ఇవి సరిచూసుకోండి:

- చేతిలో ఉన్న సీటు రాతపూర్వకంగా వచ్చిందా? దాని షరతులన్నీ చదివారా?
- వచ్చిన సీటు డీఓ కాలేజీదైతే డిపాజిట్ ఎంత, ఎప్పటికి కట్టాలి, తిరిగి వస్తుందా? ఎమ్‌డీ వాటికన్నా ఇక్కడ డిపాజిట్లు పెద్దవి, చాలాచోట్ల తిరిగి ఇవ్వరు.
- ఆర్థిక సహాయం ఎంతో తెలిసిందా? తెలియకపోతే, ఫీజు తక్కువున్న కాలేజీని ఇప్పుడే వదలకండి.
- ఒక రాత్రి గడిచాక కూడా అదే అనిపిస్తోందా? ఉపసంహరణ ఈమెయిల్ వెళ్లాక వెనక్కి రాదు.

ఎమ్‌డీ సీట్లు నాలుగైదు వచ్చిన అదృష్టవంతులు ఏప్రిల్ 15కి మూడింటికి, ఏప్రిల్ 30కి ఒక్కదానికి తగ్గించుకోవాలని ఏఏఎంసీ నియమావళి చెబుతుంది. చేరనని తెలిసిపోయిన సీటును అప్పటిదాకా పట్టుకుని ఉండక్కర్లేదు, తెలిసిన రోజే వదిలేయండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు

"ఇప్పటికే మూడు వేలు పెట్టాం, ఇంకో ఎనిమిది వందలకి ఏముంది." పెట్టిన మూడు వేలు ఎటూ పోయాయి. కొత్త ఎనిమిది వందలను దానికదే తూచాలి.

కాలేజీని బట్టి కాకుండా బ్యాంకు ఖాతాను బట్టి వరస పెట్టడం. సెప్టెంబర్‌లో వచ్చిన ప్రతి పిలుపుకీ ఎగిరి, జనవరిలో అసలు కావాల్సిన కాలేజీ పిలిచేసరికి చేతిలో డబ్బు లేకపోవడం. సీజన్ మొదట్లోనే మొత్తం ప్రయాణ బడ్జెట్ ఒకటి పెట్టుకుని, అందులో నాలుగో వంతు జనవరి తర్వాతి పిలుపులకు పక్కన పెట్టండి.

పక్కవాళ్ల అబ్బాయితో పోలిక. అతను పన్నెండు చోట్లకు తిరిగాడంటే అతని రాష్ట్రం వేరు, స్కోరు వేరు, అక్టోబర్‌లో అతని చేతిలో ఉన్న సీట్లు వేరు.

అమ్మానాన్నా కూడా వెంట వెళ్లడం. టికెట్టు ఖర్చు మూడింతలు అవుతుంది. ఇంటర్వ్యూ గదిలోకి ఎలాగూ రానివ్వరు. ఊరు చూడాలని ఉంటే సెకండ్ లుక్ రోజుకి వెళ్లండి, అప్పటికి సీటు కూడా ఖాయమై ఉంటుంది.